సర్వే వద్దు, జాతర కావాలి

మా కంపెనీలో ఏటా ఉద్యోగుల మనసు తెలుసుకునే కార్యక్రమం ఒకటి జరుగుతుంది. మెయిల్లో లింకు పంపి, పేరు రాయనక్కర్లేదు, మనసు విప్పండి అంటారు. పేరు అడగరు, నిజమే. ఏ సెక్షను, ఎన్నేళ్ల సర్వీసు, ఆడా మగా అని మాత్రం అడుగుతారు. మా స్టోర్సులో ఉన్నదే నలుగురం, అందులో ఆడమనిషి ఒక్కరే. ఆవిడ అన్నింటికీ 'చాలా సంతృప్తి' నొక్కేసి టీకి పోతుంది.

దీనికి బయటి ఏజెన్సీకి డబ్బు పోస్తున్నారని తెలిసి, తిరుపతివాడిగా నా కడుపు తరుక్కుపోయింది. ఊళ్లో తాతయ్యగుంట గంగమ్మ ఉండగా ఏజెన్సీ ఎందుకండీ?

మే నెలలో ఆ అమ్మవారికి జరిగే గంగజాతరలో బండ వేషం, తోటి వేషం కట్టినవాళ్లు ఎదురుపడినవాణ్ణి నోటికొచ్చిన బూతులు తిడతారు. తిట్లు తిన్నవాడు కోప్పడకూడదు, అది ఆచారం. ఎంత పెద్దమనిషైనా నవ్వుతూ నిలబడాల్సిందే. ఒళ్లంతా బొగ్గు పూసుకున్నవాడి ఎంప్లాయీ నంబరు ఎవడడుగుతాడు? ఇంతకు మించిన గోప్యత ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వలేదు.

కాబట్టి యాజమాన్యానికి నా సవినయ మనవి: ఇంక్రిమెంటు లెటర్లు ఇచ్చిన మరుసటి రోజే ఆఫీసులో జాతర చాటింపు వేయించండి. చాటింపయ్యాక ఊరి పొలిమేర దాటకూడదంటారు. మన దగ్గర సెలవుల పరిస్థితి ఎటూ అదే కాబట్టి వేరే సర్క్యులరు అక్కర్లేదు. జీతం పెరగనివాళ్లకు బైరాగి వేషం. దానికి పెద్ద ఖర్చు కూడా ఉండదు.

పనిగంటల మీద మొన్న మీటింగు పెట్టారు. వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఇన్ఫోసిస్ నారాయణమూర్తి గారన్నారు. 2025లో ఎల్ అండ్ టీ ఛైర్మన్ గారు దాన్ని 90కి తీసుకుపోయి, ఇంట్లో కూర్చుని భార్య మొహం ఎంతసేపు చూస్తారని కూడా అడిగారు. మా సారు ఇదంతా భక్తిగా వినిపించి, "మనమంతా ఒకటే కుటుంబం" అన్నారు. వెనక వరసలోంచి మా పుత్తూరాయన నిదానంగా, "కుటుంబమంటే సరే సార్, ఆస్తిలో భాగమెప్పుడు? అదట్లుండనీ, కంపెనీ బస్సులో కూసోనుండే గంటలన్నా కలుపుతారా దాంట్లో?" అన్నాడు. ఆ నెలనుంచి ఆయనకు వరసగా నైట్ షిఫ్టే.

భార్య మొహం సంగతి అడిగిన పెద్దాయన మేలో తిరుపతికి వచ్చినట్టు లేరు. జాతర మొక్కుకని చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టుకున్న మొగుణ్ణి చూస్తూ ఇక్కడి ఆడవాళ్లు ఎంతసేపైనా నిలబడతారు.

అన్నింటికన్నా నాకు నచ్చింది దొర వేషం. జాతర కథలో ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కున్నాడు. ఆమె రోజుకో వేషంలో ఎంత వెతికినా, ఎన్ని తిట్లు తిట్టినా వాడు బయటికి రాలేదు. చివరికి దొరలా వచ్చేసరికి, నిజంగానే దొర వచ్చాడనుకుని వాడంతట వాడే బయటపడ్డాడు. ఎంత సూక్ష్మమైన పరిశీలన! లైన్లో ఫ్యాన్లు తిరగడం లేదని వేసవంతా మొత్తుకున్నా కనబడని మా ప్లాంట్ హెడ్డు, హెడ్డాఫీసు పెద్దాయన రేణిగుంటలో విమానం దిగాడనగానే సెక్యూరిటీవాళ్లకంటే ముందు గేటు దగ్గర శాలువాతో ప్రత్యక్షం.

వచ్చే మేకు మా సైజు సూటు ఎక్కడ అద్దెకు దొరుకుతుందో కనుక్కుంటున్నాం.