ఒక్కడే బిడ్డరుంటే అది ఆక్షన్ ఎలా అవుద్ది?

ఆంధ్రాలో రివర్స్ టెండరింగ్ (కాంట్రాక్టర్లు ఒకరికంటే ఒకరు రేటు తగ్గించుకుంటూ పోయే వేలం) అనగానే మాట పార్టీల మీదకి పోద్ది, జగన్ తెచ్చాడు, 2024 ఆగస్టులో చంద్రబాబు కేబినెట్ తీసేసింది, అక్కడితో సరి. అది దేనికి పనికొస్తది, దేనికి పనికిరాదు, రూల్స్ ఎలా ఉండాలి అన్నది మాత్రం ఎవరూ ఎత్తరు.

2019లో పోలవరం హెడ్‌వర్క్స్ (డ్యామ్ దగ్గరి ప్రధాన పనులు), జలవిద్యుత్ కేంద్రం కలిపి 4,987 కోట్ల అంచనాతో టెండర్ పిలిచారు. మేఘా అనే కాంట్రాక్ట్ కంపెనీ 12.6 శాతం లెస్‌కి వేసింది, 628 కోట్లు ఆదా అని ప్రభుత్వం గట్టిగా చెప్పుకుంది. కానీ అక్కడ బిడ్ వేసింది మేఘా ఒక్కటే! పోటీకి ఇంకొకడు లేనప్పుడు వేలం అనే మాటకే అర్థం లేదు. అంచనా కంటే రేటు తగ్గిన మాట నిజమే, అది పోటీ వల్ల తగ్గిందని మాత్రం చెప్పలేం.

కేంద్రం జీఎఫ్ఆర్ (ప్రభుత్వ ఖర్చుల రూల్స్) 2017లో 167వ రూల్ రివర్స్ ఆక్షన్ ఎప్పుడు పెట్టొచ్చో ముందే చెప్పింది. కొనేదేంటో పూర్తిగా వివరించగలగాలి, అర్హత ఉన్న బిడ్డర్లు గట్టిగా పోటీ పడేంతమంది ఉండాలి, గెలుపోటములు డబ్బుల్లో లెక్కకట్టేలా ఉండాలి. ఆ రూల్ కేంద్ర శాఖలకే అనుకోండి, అయినా రాష్ట్రాలు తీసుకోడానికి అడ్డేముంది?

ఆఫీసుకి 75 జీఎస్ఎం ఏ4 పేపర్ కొంటున్నారనుకోండి, ఎవడు సప్లై చేసినా అదే పేపర్, తేడా ఉంటే వెనక్కి పంపేయొచ్చు, జెమ్ పోర్టల్లో (ప్రభుత్వ ఆఫీసులు సరుకు కొనే వెబ్‌సైట్) రివర్స్ ఆక్షన్ పెడితే నాలుగు రూపాయలు మిగులుతాయి. ఇలాంటివాటికి కూడా వద్దనడం తప్పే. కానీ సొరంగం, డ్యామ్ పునాది అలా కాదు, తవ్వేదాకా కింద ఏముందో తెలీదు. స్క్రీన్ ముందు కూర్చుని టైం అయిపోతోందన్న కంగారులో ఇంకో అర శాతం, ఇంకో అర శాతం అని తగ్గించుకుంటూ పోయినవాడు ఆ లోటు ఎక్కడ పూడ్చుకుంటాడు? సిమెంట్‌లోనో, ఎం-బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) ఎక్కించే కొలతల్లోనో, లేకపోతే రాయి తగిలిందని, డిజైన్ మారిందని ఎక్స్‌ట్రా ఐటమ్స్ పెట్టి రేట్లు పెంచమనడంలోనో.

అందుకే నేనడిగేది, ముగ్గురికి తక్కువ క్వాలిఫై అయితే ఆక్షన్ పెట్టకూడదు. వేలం నడిచేటప్పుడు రేటు కనపడాలి గానీ పేర్లు కనపడకూడదు, లేదంటే అక్కడికక్కడే కుమ్మక్కై రింగైపోతారు. మరీ తక్కువకి వేస్తే ఏ ఐటమ్‌కి ఎంత పడుతుందో లెక్క రాసిమ్మనాలి, ఆ లెక్క కుదరకపోతే ఎల్-1 (అందరికంటే తక్కువ వేసినవాడు) అయినా సరే పక్కన పెట్టాలి. ఇంకోటి, ఆదా అయిందని వేలం రోజే ప్రకటించడం మానేయాలి, పని పూర్తయ్యాక ఫైనల్ బిల్లు ఎంతైందో వేలంలో వచ్చిన రేటు పక్కనే వెబ్‌సైట్లో పెట్టాలి, ఏ ప్రభుత్వం ఉన్నా సరే.