ఊపిరి అక్కర్లేని ముక్కు

బీఎండబ్ల్యూ కారుకు ముక్కు పెరిగింది. పెరిగి ఏళ్లు గడుస్తున్నాయి. ఇంత జరిగినా ఏ పార్టీ బంద్‌కు పిలుపివ్వలేదు, ఏ టీవీ ఛానలూ నలుగురిని కూర్చోబెట్టి అరిపించలేదు. ఆ కారు కొనే స్తోమత లేని మాలాంటి అభిమానులమే ఈ బాధ్యత భుజాన వేసుకున్నాం. ఆలు లేదు, చూలు లేదు, కానీ పుట్టబోయే కొడుకు ముక్కు ఎలా ఉండాలో మాకు కచ్చితమైన అభిప్రాయాలున్నాయి.

ముందుగా కొంత చరిత్ర. 1933లో వచ్చిన 303 మోడల్‌తో ఈ కంపెనీ కార్లకు జంట కిడ్నీల గ్రిల్, అంటే కారు ముందు గాలి లోపలికి పోయేందుకు రెండు కిడ్నీల ఆకారంలో ఉండే జాలీ, మొదలైంది. నేను ముక్కు అంటున్నది దాన్నే. బానెట్ కింద ఇంజిన్ ఉంది, దాని ముందు రేడియేటర్ ఉంది, రేడియేటర్‌కు గాలి కావాలి కాబట్టి రెండు రంధ్రాలు పెట్టారు. అందులో అహంకారమేమీ లేదు. ఎనభైలలో ఈ30 అనే త్రీ సిరీస్ కారు వచ్చే నాటికి ఆ ముక్కు ఎంతో ఒద్దికగా తయారైంది. నాలుగు గుండ్రటి లైట్లు, వాటి నడుమ ఇరుకుగా రెండు చిన్న కిడ్నీలు. పక్క నుంచి చూస్తే వెనక కిటికీ అద్దం అడుగు మూలలో ముందుకు తిరిగిన చిన్న వంపు ఉంటుంది. 1961 నుంచీ ఉన్న వంపు అది. అప్పటి డిజైన్ అధిపతి హోఫ్‌మైస్టర్ పేరే దానికి పెట్టారు. బండి దుమ్ము కొట్టుకుపోయి బ్యాడ్జి కనపడకపోయినా, ఆ మూల చూసి ఏ కంపెనీదో చెప్పేసి పక్కవాడి ముందు గొప్పలు పోయేవాళ్లం. ఇప్పటి కార్లను వంద గజాల దూరం నుంచి మా పిన్ని కూడా గుర్తుపడుతుంది. ఇక మా పాండిత్యానికి విలువేముంది?

కంపెనీ చెడిపోయింది 2001లోనని పెద్దలు చెబుతారు. ఆ ఏడాది డిజైన్ అధిపతి క్రిస్ బ్యాంగిల్ ఆధ్వర్యంలో కంపెనీ పెద్ద కారు సెవెన్ సిరీస్ కొత్త రూపంలో వచ్చింది. డిక్కీ మూత మరో కారు నుంచి తెచ్చి అతికించినట్టుందని అభిమానులు గగ్గోలు పెట్టారు. ఆయన్ను ఉద్యోగం నుంచి తీసేయాలని ఆన్‌లైన్‌లో సంతకాలు సేకరించారు. కారేమో శుభ్రంగా అమ్ముడుపోయింది. మ్యూనిక్‌లోని కంపెనీ ప్రధాన కార్యాలయంలో కూర్చున్న పెద్దమనుషులకు ఆ రోజు జ్ఞానోదయమై ఉంటుందని నా గట్టి నమ్మకం: అభిమాని గుండెలు బాదుకుంటున్నాడంటే అమ్మకాలకు శుభసూచకం. అప్పటి నుంచీ మా ఏడుపే వాళ్లకు మార్కెట్ సర్వే. అదీ పైసా ఖర్చు లేకుండా.

అందుకే 2019లో సెవెన్ సిరీస్ గ్రిల్‌ను ఒక్కసారిగా 40 శాతం పెంచారు. మరుసటి ఏడాది ఫోర్ సిరీస్ వచ్చింది. దాని ముక్కు బానెట్ అంచు దగ్గర మొదలై బంపర్ అడుగు దాకా దిగింది. ఇదేమిటని అడిగితే, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మా 328 కారుకు నిలువు ముక్కు ఉండేది, అది మళ్లీ వచ్చింది, సంతోషించండి అన్నారు. నిజమే, తాతగారిది నిలువు ముక్కే. కాని తాతగారి ముఖం సన్నం.

ఈ ముక్కు వల్ల లాభమే లేదనను, అన్యాయంగా మాట్లాడకూడదు. ఖైరతాబాద్ ఆర్టీయే వేలంలో 9999 కోసం లక్షలు పోసినవాడి ఆవేదన అర్థం చేసుకోవాలి. అంత పెట్టి కొన్న నంబరు బంపర్ కింద ఎక్కడో మట్టి కొట్టుకుని వేలాడితే ఎలా? ఆ ఫోర్ సిరీస్‌లోనే జోరు రకమైన ఎం4 ముందు నిలబడి చూడండి. నంబర్ ప్లేటు సరిగ్గా రెండు ముక్కుపుటాలకు అడ్డంగా, దొరగారి మీసంలా కూర్చుని ఉంటుంది.

ఇంకో సూక్ష్మం కూడా ఉంది. సెవెన్ సిరీస్‌కు అతి పెద్ద మార్కెట్ చైనా. అక్కడైనా ఇక్కడైనా అంత కారు కొన్నవాడు సాధారణంగా వెనక సీట్లోనే కూర్చుంటాడు. 2022 మోడల్‌లో ఆయన కాలక్షేపానికి పైకప్పు నుంచి దిగే 31.3 అంగుళాల తెర కూడా ఉంది. ముక్కు ఆయనకు కనపడదు. కనపడేది ఓఆర్ఆర్ మీద ముందు పోతున్న ఆల్టో వాడికి, అద్దంలో. హారన్ కొట్టకుండానే వాడు పక్కకు తప్పుకుంటాడు. శబ్ద కాలుష్య నివారణకు ఇంతటి కృషి చేసిన గ్రిల్‌కు ఇంతవరకూ ఏ పురస్కారమూ రాకపోవడం విచారకరం.

అసలు విడ్డూరం 2020 నవంబరులో చూపించిన ఐఎక్స్‌ది. అది ఎలక్ట్రిక్ కారు. ఇంజినే లేదు, ఆ ఇంజిన్ కోసం గాలి పీల్చే పనీ లేదు. సరిగ్గా అప్పుడే ముక్కు ఇంతెత్తున పెట్టి, రంధ్రాలు మూసేశారు. వెనకాల కెమెరా, రాడార్, సెన్సర్లు పెట్టారు. పైన చిన్న గీతలు పడితే ఒక రోజులో వాటంతటవే మానిపోయే పూత పూశారు. గాలి పీల్చని ముక్కుకు పడిశం ఎలాగూ పట్టదు, ఇప్పుడు గీతల భయం కూడా లేదు. నచ్చలేదన్న మాలాంటివాళ్లను ‘ఓకే బూమర్’ (సరేలే పాతకాలపు తాతా) అని కంపెనీవాళ్లు ట్విట్టర్‌లో వెక్కిరించారు కూడా. ముప్పై ఏళ్లు గోడ మీద పోస్టర్ అంటించుకున్నందుకు దక్కిన సన్మానం అది.

(అన్నట్టు, 2022లో కొన్ని దేశాల్లో సీటు వేడెక్కడానికి నెలనెలా చందా అడిగారు. వేడి చేసే తీగలు అప్పటికే సీట్లో ఉన్నాయి, కొన్నవాడు డబ్బు కడితేనే పని చేస్తాయి. మరుసటి ఏడు మానేశారు. మే నెలలో రామగుండంలో బండి ఎండలో పెడితే ఆ సదుపాయం ఉచితమని వాళ్లకు ఎవరైనా చెప్పి ఉండాలి.)

ఇంతలో 2025 సెప్టెంబరులో మ్యూనిక్‌లో కొత్త ఐఎక్స్3 బయటపెట్టారు. ముక్కు సన్నబడింది! నిలువుగా రెండు నాజూకు కిడ్నీలు, క్రోమ్ బదులు వెలుగు. అరవైల నాటి కార్ల పోలిక కనపడుతోంది. బాగుంది. ఇంత అన్యాయం ఇంకొకటి ఉండదు. ఆరేళ్లుగా పోగేసుకున్న మా తిట్లు, వ్యంగ్య చిత్రాలు, పందిముక్కు జోకులు ఏం కావాలి? మాతో ఒక్క మాట చెప్పకుండా మా మాట వినేస్తే మర్యాదేనా?

అయినా నిరాశ పడక్కర్లేదు. మొన్న ఆ కారు లోపలి ఫొటోలు జాగ్రత్తగా చూశాను. స్టీరింగ్ చువ్వలు పక్కలకు కాకుండా పైకీ కిందకీ పెట్టారు. సంతకాలు సేకరించేవాళ్లు ఎవరైనా ఉంటే నా పేరు మొదట రాసుకోండి.