సూర్యుడు ల్యాబ్ పెట్టలేదు బావా

ఆ ఫార్వర్డ్ నాకు రావడం ఈ వారంలో ఇది ఐదోసారి. "కాలిఫోర్నియాలో ఆరుబయట పండిన గంజాయికి బూజు పరీక్షలెందుకు? క్రిముల్ని ఎండే చంపేస్తుంది, మిగిలినవి నిప్పుకి చస్తాయి. ఇదంతా షెడ్లలో పెంచే పెద్ద కంపెనీల కుట్ర. శివుడు ఏ ల్యాబ్‌కి పంపాడు?" ఈసారి పంపింది మా బావ. అదీ, కీమో నడుస్తున్న మా స్నేహితుడున్న గ్రూపులో.

శివుడు హాలాహలం కూడా మింగాడు. ఆ పోటీ మనకొద్దు.

ఎండ సంగతికొస్తే, ఉల్లిపాయ పొర తీస్తే లోపల నల్లటి మసి వేలికంటుతుందే, అది చాలావరకు ఆస్పర్జిల్లస్ నైజర్ అనే బూజు. ఉల్లి ఏసీ గదిలో పండలేదు కదా! పీల్చే సరుకులో ఒక్క గ్రాములో కూడా కనపడకూడదని కాలిఫోర్నియా పెట్టిన నాలుగు ఆస్పర్జిల్లస్‌లలో ఇదొకటి. ఇంకొకటి ఫ్లేవస్. వేరుశెనగలో అఫ్లటాక్సిన్ పుట్టించేది అదే. అనంతపురం వాళ్ళకి నేను చెప్పాలా?

నాకు ఒళ్ళు మండేది ఆ నిప్పు మాటకి. చుట్ట కాల్చే తాతల పక్కన పెరిగాం. మండేది కొస ఒక్కటే. దమ్ము లాగితే పొగ ఇంకా అంటుకోని ఆకులోంచే నోట్లోకొస్తుంది, మైక్రాన్లలో ఉండే బూజు బీజాల్ని వెంటేసుకుని. ఎముక మజ్జ మార్పిడి అయిన ఒకాయన బూజు పట్టిన గంజాయి తాగి, ఊపిరితిత్తుల్లో ఆస్పర్జిల్లస్ పాకి చనిపోయాడని 1988లోనే ఒక వైద్య పత్రికలో వచ్చింది. నీకూ నాకూ ఏమీ కాకపోవచ్చు బావా, ఆ బీజాల్ని రోజూ గాల్లో పీలుస్తూనే ఉన్నాం. తెల్లకణాలు పడిపోయినవాడి మాటేమిటి? వాంతులు తగ్గుతాయేమోనని వాడు గంజాయి అమ్మే డిస్పెన్సరీ మెట్లెక్కుతుంటే, నువ్వు "నేచురల్‌దే తీసుకో" అని దణ్ణం బొమ్మ పెట్టావు. ఆ దణ్ణం ఎవరికి, వాడి ఫొటోకా?

కుట్ర దగ్గర మాత్రం కొంచెం తగ్గుతాను. ఉత్తర కాలిఫోర్నియాలోని హంబోల్ట్, మెండొసినో కొండల్లో నేల మీద పెంచేవాడికి ఈ బూజు మట్టిలో, గాలిలో ఉండనే ఉంటుంది. ఒక్కటీ దొరకకూడదంటే గదిలో పెంచేవాడికే సులువు. పైగా డీఎన్‌ఏ వెతికే పరీక్ష చచ్చిన బీజాన్ని కూడా పట్టేయొచ్చు. 2023 మార్చిలో పక్క రాష్ట్రం ఆరెగాన్ ఇలాంటి నియమమే పెడితే పెంపకందార్లు కోర్టుకెక్కారు, ఆగస్టులో కోర్టు తాత్కాలికంగా ఆపింది. సిగరెట్లకైతే ఈ పరీక్షే లేదు. కాబట్టి ఎంత ఉండొచ్చో కొట్లాడుకోండి, నేనూ వస్తాను. అసలు చూడనే వద్దంటే రాను.

బావా, మెసేజ్ మీద వేలు నొక్కి పట్టుకో. డిలీట్ నొక్కితే "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" అని వస్తుంది. వాడు చూసేలోపే కొట్టెయ్.