మాడి మసైపోయిన రెసిస్టర్ గారికి

రెసిస్టర్ గారూ,

తమరి ఖరీదు మహా అయితే రూపాయి, తమరు కూర్చున్న స్కూటర్ చార్జర్ ఖరీదు వేలల్లో, అయినా పోతూ పోతూ తమరి వాల్యూ (కరెంటుని ఎన్ని ఓమ్స్ అడ్డుకుంటారో) చెప్పే ఒంటి మీది రంగులు కూడా మిగల్చకుండా పోయారు చూడండీ, ఆ పొగరు భలే నచ్చింది నాకు.

కోఠీ గుజరాతీ గల్లీకి తీసుకెళ్తే షాపాయన తలెత్తకుండానే "వాల్యూ ఎంత సార్" అన్నాడు. అది తెలిస్తే తమరిని పొట్లం కట్టుకుని ఎందుకొస్తానండీ! కౌంటర్ దగ్గరి కుర్రాడొకడు లెన్స్ పెట్టి చూసి గోధుమ, నలుపు, నలుపు, 10 ఓమ్స్ అని తేల్చేశాడు. అరే బాబూ, మాడితే పసుపు గోధుమ అవుద్ది, వంకాయ రంగు నల్లబడుద్ది, 47 ఓమ్స్‌ది (పసుపు, వంకాయ రంగు, నలుపు) కూడా అచ్చం ఇట్లనే కనిపిస్తది. ఆ లెక్కన పూర్తిగా మాడినవన్నీ నలుపు నలుపు నలుపు, అంటే జీరో, వైరు ముక్క పెట్టేస్తే పోలా!

స్టీరియో ఆంప్లిఫయర్లో పుట్టినా బావుండేది, రెండు ఛానళ్ళూ ఒకేలా ఉంటాయి గాబట్టి రెండో ఛానల్లో తమరి కవలని చూసి రాసుకునేవాణ్ణి. ఇక్కడ సర్క్యూట్ డయాగ్రమ్ లేదు, ఐసీ (చిప్) మీది నంబర్ కూడా ఎవరో పుణ్యాత్ములు గీకేసి పంపారు.

ఇక పోస్ట్‌మార్టమే గతి. తమరు కార్బన్ ఫిల్మ్ (పెయింటు కింద పల్చటి కార్బన్ పూత) కాబట్టి బోర్డు మీంచి పీకి, పెయింటు బ్లేడుతో గీకి, ఒక చివర్నుంచి మాడిన మచ్చ దాకా మీటర్ పెడితే 21, రెండో చివర్నుంచి 22, కలిపితే 43. మధ్యలో కాలిపోయిన ముక్క లెక్కలోకి రాలేదు గదా, కాబట్టి అసలుది ఇంకాస్త ఎక్కువే, షాపుల్లో మామూలుగా దొరికే 39, 47, 56 వరసలో 47 దగ్గర ఆగాను. తమరుండేది మాస్‌ఫెట్ (కరెంటుని టకటకా ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు) గేటు దారిలో, అంటే దానికి ఆర్డర్లు వెళ్ళే కాలి దారిలో, అక్కడికి ఆ నంబర్ నప్పుతుంది కూడా.

తీరా చూస్తే తమరి తప్పేం లేదు, మాస్‌ఫెట్ గారు లోపల షార్టై హై వోల్టేజంతా తమరి మీదికి తోసేశారు. ఇప్పుడు వాల్యూ దొరికింది గదా అని కొత్తది అతికించి స్విచ్చేస్తే, పాపం ఆ కొత్తాయన కూడా క్షణంలో తమరి దగ్గరికే. అందుకే మాస్‌ఫెట్, దాని సోర్స్ అనే ఇంకో కాలి దగ్గరి బుల్లి రెసిస్టరు, ఐసీ, అన్నీ చూశాకే (పెద్ద కెపాసిటర్లో ప్లగ్ పీకినా 300 వోల్టుల పైన నిలవుండొచ్చు, దాని ముచ్చట వేరే), అదీ సిరీస్ బల్బు (కరెంటొచ్చే దారిలో మధ్యన ఒక బల్బు) పెట్టే ఆన్ చేస్తా. బల్బు ఫుల్లుగా వెలుగుతూనే ఉందంటే ఇంకో హంతకుడు లోపలే ఉన్నట్టు, వాడికి వేరే లెటర్ రాస్తా.

ఇట్లు,
తమరి చార్జర్ ఓనర్