ఇరవై వేల అప్పు, ఎయిర్‌టెల్, సగం చెప్పిన కథ

ఆ మెసేజ్ ఈ నెలలో నాకు నాలుగోసారి వచ్చింది. మొదట మా బావమరిది పంపాడు. తర్వాత పాత స్నేహితులు ఇద్దరు పంపారు. నిన్న మా మేనల్లుడు పంపాడు. వాడు పంపబట్టే ఇంత రాస్తున్నాను. లేకపోతే డిలీట్ కొట్టి ఊరుకునేవాణ్ని.

చూడనివాళ్ల కోసం క్లుప్తంగా చెబుతాను. "సునీల్ మిత్తల్ పేదింట్లో పుట్టాడు. చదువు అబ్బలేదు. 20 వేలు అప్పు చేసి సైకిల్ పార్టులు అమ్మాడు. ఎవరి సాయమూ లేకుండా ఎయిర్‌టెల్ పెట్టాడు. దేశంలో తొలి సెల్‌ఫోన్ మోగించాడు. ఇన్‌కమింగ్ ఫ్రీ చేశాడు. ప్రభుత్వం దగ్గర పైసా తీసుకోలేదు. ఆఫ్రికాను గెలిచాడు. కాబట్టి తమ్ముళ్లూ, డిగ్రీ కాగితం పక్కన పడెయ్యండి, అప్పు చెయ్యండి, దూకండి!" కింద పది దండాలు, పది జెండాలు.

నేను తణుకులో ఇరవై ఏళ్లు ఎస్టీడీ బూత్, తర్వాత అదే గదిలో రీఛార్జ్ షాపు నడిపినవాణ్ని. స్క్రాచ్ కార్డుల కాలం నుంచి లాపు సిమ్‌లో (షాపువాళ్లు రీఛార్జ్ చేయడానికి వాడే సిమ్) బ్యాలెన్స్ వేయించుకునే కాలం దాకా ఈ కంపెనీలు ఎలా పెరిగాయో కౌంటర్ వెనక నుంచి చూశాను. నాకు ఎయిర్‌టెల్ మీద కోపం లేదు. అబద్ధం మీద ఉంది.

తొలి సెల్‌ఫోన్ సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. 1995 జులై 31న కోల్‌కతా నుంచి అప్పటి బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌కు చేసిన కాల్ అది. నెట్‌వర్క్ మోదీ టెల్‌స్ట్రా అనే కంపెనీది. ఎయిర్‌టెల్ ఢిల్లీలో మొదలైంది ఆ తర్వాతే. చేతులు, పేర్లు మారిన ఆ కోల్‌కతా నెట్‌వర్క్‌ను 2001లో ఎయిర్‌టెల్ కొనుక్కుంది. కొన్నంత మాత్రాన పాత కాల్ కొత్త యజమాని ఖాతాలో పడదు.

ఇన్‌కమింగ్ ఫ్రీ కావడం ఒక్క కంపెనీ దయ కాదు. కాల్ చేసినవాడే డబ్బు కట్టాలన్న పద్ధతి 2003లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నియమాలతో వచ్చింది. 2002 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ సెల్‌ఫోన్ సేవ మొదలుపెట్టింది, డిసెంబరులో రిలయన్స్ ఇన్ఫోకామ్ దిగింది. అందరూ కలిసి రేట్లు నేలకు దించారు. అంతకుముందు వచ్చిన కాల్ ఎత్తడానికే జనం భయపడేవారు.

ఆఫ్రికాను గెలవడం? 2010లో కువైట్ టెలికాం కంపెనీ జైన్ నుంచి 15 దేశాల వ్యాపారాన్ని 1,070 కోట్ల డాలర్లకు కొన్నారు. చాలా ఏళ్లు నష్టాలే. రెండు దేశాలు అమ్ముకున్నారు కూడా. తర్వాత నిలదొక్కుకున్నారు, 2019లో ఆ ఆఫ్రికా వ్యాపారాన్ని లండన్ షేర్ మార్కెట్‌లో లిస్ట్ చేశారు. మంచిదే. ఇక ముందుకు వెళ్దాం.

పేదరికం మాట. మిత్తల్ తండ్రి సత్‌పాల్ మిత్తల్ పంజాబ్ నుంచి రాజ్యసభ సభ్యుడు. ఆ 20 వేలు ఆయన దగ్గర తీసుకున్నవేనని అందరూ రాసిందే. మిత్తల్ పంజాబ్ యూనివర్సిటీ గ్రాడ్యుయేట్, 1976లో చదువు పూర్తిచేసే లూధియానాలో వ్యాపారం మొదలుపెట్టారు. చదువు అబ్బలేదని ఎవరు చెప్పారు? తండ్రి చేతిలోంచి తీసుకున్న డబ్బుకీ, ఫైనాన్స్ వాడి దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన డబ్బుకీ తేడా తెలియనివాడు యువతకు సలహాలు రాయకూడదు.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి. ఆయన జపాన్ నుంచి సుజుకి జనరేటర్లు తెప్పించి అమ్ముతుంటే, 1983లో ప్రభుత్వం దిగుమతి ఆపేసింది. వ్యాపారం ఒక్క దెబ్బకు పోయింది. ఆ స్థితిలో తైవాన్‌లో మీటలు నొక్కే ఫోన్ చూసి, ఇక్కడ డయల్ తిప్పుకుంటున్న జనానికి అదే కావాలని పట్టుకోవడం మామూలు బుర్రకు తట్టే పని కాదు. 2004లో చేసింది ఇంకా పెద్దది. నెట్‌వర్క్ నడపడాన్ని ఎరిక్సన్, నోకియాలకు, కంప్యూటర్ల పనిని ఐబీఎంకు అప్పగించారు. టెలికాం కంపెనీ తన నెట్‌వర్క్‌ను బయటివాళ్ల చేతిలో పెట్టడమేమిటని అప్పట్లో అందరూ అన్నారు. నెట్‌వర్క్ పరికరాలు ముందే కొని మూలన పెట్టుకోకుండా, వాడిన సామర్థ్యానికే డబ్బు కట్టే ఏర్పాటు అది. నిమిషానికి రూపాయి లోపు రేటుతో కూడా లాభం చూపించగలిగారంటే దాని చలవే. మెసేజ్‌లో ఈ ముక్క ఉంటే నేనే పదిమందికి పంపేవాణ్ని. కానీ ఇందులో కన్నీళ్లు లేవు కదా, అందుకే రాసినవాడికి పనికిరాలేదు.

"ఎవరి సాయమూ లేకుండా" అన్నది అసలు నిలవని మాట. 1992లో ఢిల్లీ లైసెన్స్‌కు బిడ్ వేయాలంటే అనుభవమున్న విదేశీ భాగస్వామి ఉండాలి. తర్వాత వివెండిగా పేరు మారిన ఫ్రెంచ్ కంపెనీతో కలిసి వేశారు. 1999లో అమెరికా పెట్టుబడి సంస్థ వార్‌బర్గ్ పింకస్ డబ్బు పెట్టింది. 2000లో సింగపూర్ టెలికాం కంపెనీ సింగ్‌టెల్ వచ్చింది, నేటికీ పెద్ద వాటాదారే. మన ఆంధ్రప్రదేశ్ సర్కిల్ కూడా ఎయిర్‌టెల్ మొదటి నుంచి కట్టింది కాదు, 1999లో ఇక్కడ అప్పటికే నెట్‌వర్క్ నడుపుతున్న జేటీ మొబైల్స్‌ను చేతిలోకి తీసుకుంటే వచ్చింది. 98490తో మొదలయ్యే నంబర్‌ను గర్వంగా చెప్పుకునేవాళ్లు గుర్తున్నారా? ఆ నెట్‌వర్క్ అదే. ఇవన్నీ తప్పులు కావు, వ్యాపారం ఇలాగే చేస్తారు. ఒంటరివాడి కథగా చెప్పడమే తప్పు.

ఇప్పుడు నా కడుపు మండించిన మాటకు వస్తాను. "ప్రభుత్వం దగ్గర పైసా తీసుకోలేదు, కాబట్టి మీరూ అప్పు చేసి దూకండి."

పైసా తీసుకోలేదు సరే, గడువు తీసుకున్నారు. 1995 ప్రాంతంలో కంపెనీలు నిమిషానికి 16 రూపాయల రేటు చూసి లైసెన్సులకు కోట్లకు కోట్లు పాడేశాయి. కస్టమర్లు రాలేదు. ఫీజులు కట్టలేక చేతులెత్తేశాయి. అప్పుడు 1999 టెలికాం విధానం వచ్చి, స్థిరంగా కట్టాల్సిన ఫీజు తీసేసి ఆదాయంలో వాటా కడితే చాలంది. అది లేకపోతే ఈ రంగంలో ఎవరు మిగిలేవారో చెప్పలేం. ఆ వాటా లెక్కలోకి ఏ రాబడి వస్తుంది, ఏది రాదు అన్నదాని మీదే తర్వాత ఏళ్ల తరబడి కోర్టులో గొడవ నడిచింది. 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు తీర్పు కంపెనీలకు వ్యతిరేకంగా వచ్చింది. ఆ ఒక్క త్రైమాసికంలో ఎయిర్‌టెల్ చూపించిన నష్టం 23,045 కోట్లు. 2020లో కోర్టే బకాయిలకు పదేళ్ల గడువు ఇచ్చింది. 2021లో కేంద్రం నాలుగేళ్ల మారటోరియం, అంటే అప్పటిదాకా బకాయిలు కట్టకుండా ఆగే వెసులుబాటు, ఇస్తే ఎయిర్‌టెల్ అదీ తీసుకుంది.

ఇవ్వకూడదని నేను అనను. కోట్లమంది ఫోన్లు ఆగిపోకూడదు కదా. కానీ తమ్ముడూ, నీ షాపు అప్పు నాలుగు నెలలు ఆగితే నీకు మారటోరియం ఎవరిస్తారు? నీకోసం కేంద్ర క్యాబినెట్ కూర్చుంటుందా? నీ ఇంటికి రికవరీ ఏజెంటు వస్తాడు. లోన్ యాప్‌లో తీసుకుని ఉంటే నీ ఫోన్లో ఉన్న నంబర్లన్నిటికీ కాల్స్ వెళ్తాయి. నా పక్క షాపు కుర్రాడికి అదే జరిగింది. మూడు నెలలు వాడు ఊళ్లో కనపడలేదు. వాళ్ల అమ్మ పుస్తెలతాడు తాకట్టు పెట్టి తీర్చింది.

అప్పుతో దూకినవాళ్లంతా ఎయిర్‌టెల్ అయ్యారా? ఎయిర్‌సెల్ ఏది? 2018లో దివాలా పిటిషన్ వేసింది. రిలయన్స్ కమ్యూనికేషన్స్ 2019లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. యూనినార్ ఏది, ఎంటీఎస్ ఏది, వీడియోకాన్ సిమ్ ఏది? 2012లో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు ఒక్క రోజులో రద్దు చేసింది. 2016 సెప్టెంబరులో జియో ఉచితంగా డేటా పంచడం మొదలుపెట్టాక, మిగిలినవాటిలో చాలా ఒకటొకటిగా కూలాయి. సెకనుకు పైసా అని దేశాన్ని ఊపేసిన డొకోమోను, టాటాలంతటివాళ్లు, 2017లో ఎయిర్‌టెల్ చేతికే అప్పగించి పక్కకు తప్పుకున్నారు. టాటాలు! వాళ్లకు డబ్బు తక్కువైందా, చదువు ఎక్కువైందా? నా అల్మరాలో అమ్ముడుపోని ఆ కంపెనీల సిమ్ ప్యాకెట్లు ఇప్పటికీ ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. వాటి గురించి ఎవరూ ఫార్వర్డ్ రాయరు.

బీఎస్ఎన్ఎల్ వాళ్లు బద్ధకస్తులు కాబట్టే వెనకబడ్డారని చివర్లో ఒక లైను కూడా కలిపారు. లైన్‌మన్ కోసం ఎదురుచూసిన రోజులు నాకూ ఉన్నాయి, కాదనను. కానీ బీఎస్ఎన్ఎల్ పిలిచిన 9.3 కోట్ల లైన్ల పరికరాల టెండర్ 2010లో రద్దయింది, అదే ఏడాది స్పెక్ట్రమ్‌కు (ఫోన్ సిగ్నళ్లు నడిచే తరంగాలకు) వేల కోట్లు కట్టాల్సి వచ్చింది. విస్తరించాల్సిన వేళ పరికరాలు కొననివ్వకపోతే లైన్‌మన్ ఏం చేస్తాడు?

మా మేనల్లుడు ఇంజినీరింగ్ రెండో సంవత్సరం. ఆ మెసేజ్ కింద "మామయ్యా, నాన్నతో మాట్లాడవా, మూడు లక్షలు చాలు" అని రాశాడు. రాత్రి ఫోన్ చేసి గంటన్నర మాట్లాడాను. చదువు పూర్తయ్యాక వ్యాపారం చేస్తానంటే మొదటి పెట్టుబడి నేనే ఇస్తానన్నాను, వడ్డీ లేకుండా. మిత్తల్‌కు వాళ్ల నాన్న ఇచ్చినట్టు. ప్రస్తుతానికి సరేనన్నాడు. వచ్చే నెల వాడికి పరీక్షలు. దయచేసి అప్పటిదాకా ఆ మెసేజ్ వాడికి మాత్రం పంపకండి.