ఆవిరి పట్టిన అద్దానికి గుడ్డా, ఏసీయా?

(డిసెంబరు తెల్లవారుజాము, ఎల్బీనగర్. ఐదుగురు ఎక్కిన కారు సూర్యాపేటలో పెళ్లికి బయల్దేరాలి. స్టీరింగ్ దగ్గర బాబాయ్. పక్క సీట్లో ఆయన అన్న కూతురు. కొన్నేళ్లు అమెరికాలో, మినియాపొలిస్‌లో ఉండి వచ్చింది. ముందద్దం లోపలివైపు తెల్లగా ఆవిరి పట్టేసింది. నేనెటువైపో ముందే చెప్పేస్తాను: చలికాలానికి అమ్మాయి మాటే సరైనది. వానాకాలం సంగతికొస్తే మాత్రం బాబాయ్ చెప్పేది వినాలి.)

బాబాయ్: ఆ గుడ్డ ఇలా ఇవ్వమ్మా. రెండుసార్లు తుడిస్తే పోతుంది.

అమ్మాయి: తుడవకండి బాబాయ్. ఏసీ వేద్దాం.

బాబాయ్: ఈ చలిలో ఏసీయా? వెనక నాయనమ్మ ఇప్పటికే శాలువా కప్పుకుని కూర్చుంది.

అమ్మాయి: చల్లగాలి వద్దు. ఏసీ బటన్ నొక్కి, టెంపరేచర్ నాబ్ ఎర్రరంగు వైపు తిప్పండి. గాలి ముందద్దం మీదికి పెట్టండి. ఏసీ చల్లబరచడమే కాదు, తడి కూడా తీస్తుంది. గాలి ఏసీ లోపలి చల్లటి గొట్టాల చుట్టకి (కాయిల్) తగలగానే అందులోని చెమ్మ నీళ్లుగా మారి కిందికి కారిపోతుంది. ఎండాకాలంలో కారు ఆపితే కింద చుక్కలు పడతాయి చూడండి, అవి ఆ నీళ్లే. ఆ పొడి గాలినే హీటర్ వెచ్చబెట్టి అద్దం మీదికి పంపుతుంది.

బాబాయ్: ఇంజిన్ వేడెక్కితేనే కదా హీటర్ పనిచేసేది? ఇప్పుడే స్టార్ట్ చేశాం. అంతవరకు రోడ్డు మీద ఇలాగే కూర్చోవాలా?

అమ్మాయి: అందుకే ముందు ఏసీ అంటున్నాను. గాలిలో తడి తీయడానికి ఇంజిన్ వేడి అక్కర్లేదు, ఏసీని చల్లబరిచే పంపు, అదే కంప్రెసర్, తిరిగితే చాలు. వేడి నెమ్మదిగా తర్వాత వచ్చి కలుస్తుంది.

బాబాయ్: పెట్రోలు లీటరు 100 దాటి ఎన్నాళ్లయిందో నీకు తెలుసు. తడి అద్దం మీద ఉంది, గుడ్డతో తీసేస్తే అయిపోయె. దీనికింత తతంగం దేనికి?

అమ్మాయి: ఐదుగురం ఊపిరి వదులుతున్నాం. ప్రతి ఊపిరిలో తడి ఉంటుంది. అద్దం చల్లగా ఉన్నంతసేపు ఆ తడి అక్కడికే చేరుతుంది. మీరు ఇక్కడ తుడిస్తే హయత్‌నగర్ చేరేలోపు మళ్లీ పడుతుంది. గుడ్డ ఉన్న తడిని తీస్తుందే గానీ, వచ్చే తడిని ఆపలేదు. అదొక్కటే కాదు. అద్దం లోపలివైపు సన్నటి జిడ్డు పొర ఉంటుంది. కొంత మన చేతులది, కొంత ఎండకి డ్యాష్‌బోర్డ్ ప్లాస్టిక్ నుంచి వచ్చేది. తడిగుడ్డతో రుద్దితే ఆ జిడ్డు పోదు, వంపులు వంపులుగా పరుచుకుంటుంది. ఇక్కడ నిలబడితే కనిపించదు. ఎదురుగా లారీ హై బీమ్ వేసుకుని వచ్చిందనుకోండి, ఒక్కో తుడుపు గీతా వెలిగిపోతుంది, అద్దమంతా తెల్లటి చారలే. ఆ రెండు మూడు సెకన్లలో రోడ్డు పక్కన నడిచే మనిషి కనిపించడు. నా భయమంతా దాని గురించే.

(ఈ మాటకి బాబాయ్ గుడ్డ ఒళ్లో పెట్టుకున్నాడు. వాదన మాత్రం ఆపలేదు.)

బాబాయ్: సరే, గుడ్డ వద్దు. కిటికీ ఒక అంగుళం దించితే? మా రోజుల్లో కార్లలో ఏసీ ఎక్కడిది? అందరం అలాగే నడిపాం.

అమ్మాయి: అది పనిచేస్తుంది బాబాయ్, కాదనను. చలికాలపు బయటి గాలిలో తడి తక్కువ. లోపలికొచ్చి వెచ్చబడితే ఇంకాస్త తడిని తనలోకి తీసుకుంటుంది. కానీ హైవే మీద స్పీడులో ఆ చలిగాలి తిన్నగా నాయనమ్మ మొహానికి కొడుతుంది. దానికి బదులు ఈ బటన్ ఆపేయండి, కారు బొమ్మలో బాణం గుండ్రంగా తిరిగేది. అది వెలుగుతున్నంతసేపు మనం వదిలిన గాలే మళ్లీ మళ్లీ తిరుగుతుంది. ఆపితే బయటి గాలి వస్తుంది.

బాబాయ్: దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు వెనక ఇరుక్కున్నప్పుడు ఆ బటన్ ఆపి చూడు, పొగంతా మన ముక్కులోకే.

అమ్మాయి: బస్సు వెనక ఉన్నంతసేపు వేసుకోండి, దాటగానే ఆపేయండి. చాలామంది కారు కొన్న రోజు నొక్కి ఇక ముట్టుకోరు. మన ఇళ్లలో కార్ల అద్దాలు మసకబారడానికి సగం కారణం అదే అనిపిస్తుంది నాకు.

బాబాయ్: ఇదంతా మీ అమెరికా చదువు. అక్కడ అద్దం మీద మంచు గడ్డకడితే వేడినీళ్లు పోస్తారట కదా?

అమ్మాయి: అస్సలు పోయకూడదు! గడ్డకట్టిన అద్దం మీద వేడినీళ్లు పడితే చిట్లిపోవచ్చు. అక్కడ మంచు బయటివైపు పేరుకుంటుంది. ప్లాస్టిక్ స్క్రేపర్‌తో గీకుతారు, లేదంటే ఆల్కహాల్ కలిపిన స్ప్రే కొట్టి కరిగిస్తారు. గడ్డకట్టే చలిలో చాలా కార్లలో ఏసీ కంప్రెసర్ పనిచేయదు కూడా. అంత చలిలో బయటి గాలే బాగా పొడిగా ఉంటుంది కాబట్టి వట్టి హీటర్ సరిపోతుంది. మనకు ఆ బాధ లేదు. హైదరాబాద్‌లో నమోదైన అతి తక్కువ టెంపరేచర్ 6.1 డిగ్రీలు, అదీ 1946 జనవరిలో. ఇక్కడ కంప్రెసర్ హాయిగా తిరుగుతుంది.

బాబాయ్: అయితే నా ప్రశ్నకి జవాబు చెప్పు. జూలైలో రాత్రి వాన వెలిసింది. నెక్లెస్ రోడ్డు మీద వస్తున్నా. నువ్వు పొగిడే ఏసీ 18లో ఉంది. ముందద్దం పాలపొరలా అయింది. లోపల ఎంత తుడిచినా పోదు. వైపర్ ఒక్కసారి వేశా, అద్దంలా మెరిసింది. అంటే ఆ ఆవిరి పట్టించింది నీ ఏసీయే కదా?

అమ్మాయి: అవును, అక్కడ మీరన్నదే కరెక్ట్. వానాకాలంలో బయటి గాలి వెచ్చగా, తడిగా ఉంటుంది. ఏసీ లోపలి నుంచి అద్దాన్ని చల్లబరిస్తే ఆవిరి బయటివైపు పడుతుంది. అప్పుడు ఏసీ పెంచేకొద్దీ ఇంకా ఎక్కువవుతుంది. గాలిని అద్దం మీంచి తప్పించి, 24కో 25కో పెట్టి, వైపర్ వేయాలి.

బాబాయ్: లోపలిదో బయటిదో తెలిసేదెలా మరి?

అమ్మాయి: లోపల మూలన వేలితో చిన్న గీత గీయండి. గీత పడితే తడి లోపలే. పడకపోతే బయట. గీత మీ చూపుకి అడ్డం రాని చోట గీయండి, వేలి జిడ్డు మిగులుతుంది.

బాబాయ్: లారీవాళ్లు వైపర్ పాడైతే అద్దానికి పొగాకు రుద్దేవాళ్లు. షేవింగ్ ఫోమ్ కూడా రాస్తారంటారు.

అమ్మాయి: ఫోమ్‌లో సబ్బు ఉంటుంది కాబట్టి నీళ్లు చుక్కలుగా నిలవకుండా పల్చగా పరుచుకుంటాయి. ఆ చుక్కలే వెలుతురుని చెదరగొట్టి అద్దాన్ని తెల్లగా చూపిస్తాయి. లోపలివైపు రాసి శుభ్రంగా తుడిస్తే కొన్నాళ్లు పనిచేస్తుంది. వానాకాలంలో అంతకన్నా ముఖ్యం కాళ్ల కింద మ్యాట్లు. తడి గొడుగు పడేసి డోర్లు మూసి రాత్రంతా వదిలేస్తే పొద్దున డోర్ తీయగానే ముక్కిన వాసన, అద్దాలన్నీ చెమ్మ. మ్యాట్లు తీసి ఎండలో ఆరేయాలి.

బాబాయ్: బాగుంది. ఇదిగో, నా ముందు చారెడు చోటు తేటపడింది. రోడ్డు కనిపిస్తోంది, పోదామా?

అమ్మాయి: చారెడు చాలదు. కారుకి నల్ల ఫిల్మ్ వేస్తే పోలీసులు ఎందుకు పీకిస్తారు? ముందద్దం, వెనకద్దం నుంచి కనీసం 70 శాతం వెలుతురు రావాలి, పక్కవాటి నుంచి 50 శాతం అని రూల్ ఉంది కాబట్టి. 2012లో సుప్రీంకోర్టు ఫిల్ములే వద్దంది. ఫిల్మ్ తీసేసి ఆవిరితో బయల్దేరితే ఏం లాభం? ఎడమవైపు నుంచి పాల బండి మోపెడ్ వస్తే మీకు కనిపించదు.

బాబాయ్: ఇంకో రెండు మూడు నిమిషాలు పడుతుంది. ముహూర్తానికి లేటవుతుందేమో అని నా టెన్షన్.

అమ్మాయి: ముహూర్తం పదిన్నరకి. దారిలో టీకి ఆగకపోతే ఆ నిమిషాలు తిరిగొస్తాయి.

బాబాయ్: టీ మానను గానీ, ఆగుతాలే. మరి వెనకద్దం? అక్కడికి ఏసీ గాలి రాదు.

అమ్మాయి: దానికి సన్నటి గీతలు ఉంటాయి, కరెంటుతో వేడెక్కుతాయి. నిలువు వంకర బాణాలున్న బటన్ నొక్కండి. చాలా కార్లలో పది పదిహేను నిమిషాలకు దానంతట అదే ఆగిపోతుంది. ఆ గీతల మీద గట్టిగా రుద్దకండి, స్టిక్కర్ బ్లేడుతో గీకకండి. తెగిన గీత ఇక వేడెక్కదు, అక్కడ ఆవిరి అలాగే ఉండిపోతుంది.