‘దారిలో ఉన్నాం’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘దారిలో ఉన్నాం’ గారి దివ్య సముఖానికి,

విజయనగరం నుంచి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేనూ, మా ఆవిడా, అమ్మకానికి పెట్టిన మా ఫియట్ కారూ క్షేమం. తమరు ఏ జంక్షన్లో క్షేమంగా ఉన్నారో తెలియక ఈ ఉత్తరం.

నిన్న ఆదివారం ఉదయం పదింపావుకి ఫోన్లో తమరి దర్శనం అయింది. “సార్, వైజాగ్‌లో బయల్దేరిపోయాం, దారిలో ఉన్నాం.” వైజాగ్ నుంచి మా ఊరికి ఎంత నిదానంగా వచ్చినా గంటన్నర. పన్నెండుకల్లా వస్తారు, బండి చూస్తారు, బేరం కుదిరితే సరేసరి, కుదరకపోతే టీ తాగి వెళ్తారు. ఆ తర్వాత మేం నెల్లిమర్లలో మా మేనల్లుడి కొడుకు బారసాలకి ఆఖరి బంతికైనా అందుకుంటాం. ఇదీ నా లెక్క.

11.40కి ఫోన్ చేస్తే మధురవాడ. 12.50కి ఆనందపురం దాటేశాం సార్. 2.20కి తగరపువలస, గోస్తని వంతెన మీద ఉన్నాం. 3.45కి, “కార్‌షెడ్ జంక్షన్ దగ్గర ట్రాఫిక్ సార్.”

అయ్యా, కార్‌షెడ్ జంక్షన్ ఉన్నది మధురవాడలో. గోస్తని దాటిన మనిషి మళ్ళీ మధురవాడలో ఎలా తేలాడు? ఈ దారిలో నేను ముప్ఫై ఏళ్ళుగా తిరుగుతున్నాను. రోడ్లు వెడల్పు చేశారు, ఫ్లైఓవర్లు వేశారు, ఊళ్ళని వెనక్కి జరిపినట్టు మాత్రం నాకెవరూ చెప్పలేదు.

సరే, ఎదురుచూడటం నాకు కొత్త కాదు. అసలు మంట వేరు. ముందు రోజు రాత్రి తమరి తాలూకు ఆ పెద్దమనిషి ఒక షరతు పెట్టాడు. “సార్, మేం వచ్చేదాకా బండి స్టార్ట్ చెయ్యకండి. చల్ల ఇంజన్ మీద చూడాలి.” నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. పాత బండి కొనేవాడు అడగాల్సిన మాటే అది. వేడెక్కిన ఇంజన్ ఎవరి చేతిలోనైనా బుద్ధిగా ఉంటుంది. ఇంజన్ ఆయిల్ తాగుతోందా అన్నది పొద్దున్నే మొదటి స్టార్టింగులో సైలెన్సర్ లోంచి వచ్చే నీలం పొగ చెప్పేస్తుంది. ఇన్నాళ్ళకి తెలిసినవాడు తగిలాడురా అనుకున్నాను.

దాని ఫలితం, నిన్న రోజంతా కారు ఉండి కూడా కారు లేనివాణ్ణి. తమరి కోసం ఉదయాన్నే కారు కడిగి, పాత పంచె ముక్కతో బంపరు క్రోమ్ అంతా తుడిచి, ఎండ పడకుండా గేటు పక్కన వేపచెట్టు నీడలో పెట్టాను. నీడ ఒకచోట నిలబడదు కదా. ఇంజన్ ముట్టుకోకూడదు కదా. మొదటిసారి పక్కింటి మాస్టారూ నేనూ తోశాం. రెండోసారి గ్యాస్ సిలిండర్ తెచ్చిన కుర్రాడు చెయ్యేశాడు. మూడోసారి నేనొక్కణ్ణే, ఒక చెయ్యి స్టీరింగ్ మీద, భుజం డోరు ఫ్రేముకి ఆనించి. ఈ బండి అమ్మకానికి పెట్టిందే క్లచ్ తొక్కలేనని మోకాలు మొరాయించినందుకు! మాస్టారు ప్రహరీ మీంచి తొంగిచూసి, “ఏటండీ, మీ బేరం ఇంకా రాలేదేటి?” అన్నారు. ఏం చెప్పను? దారిలో ఉన్నారన్నాను.

పన్నెండున్నరకి మా ఆవిడ పట్టుచీరతో ఆటో ఎక్కేసింది. “మీరు మీ పెళ్ళివారి కోసం చూస్తూ కూర్చోండి” అని ఆశీర్వదించి మరీ. అక్కడ బంతిలో ఆవ పెట్టిన పనసపొట్టు కూర వడ్డించారట. ఇక్కడ నేను పొద్దుటి ఉప్మా, అదీ చల్లారిపోయింది. దానికేం షరతు లేదు గానీ, వేడిచేసే ఓపిక లేక తినేశాను.

ఇంతకీ నేనేమైనా అబద్ధం చెప్పి పిలిచానా? ప్రకటనలో ఏం రాశానో చూడండి. 1991 ప్రీమియర్ పద్మిని (అందరూ ఫియట్ అనేది దీన్నే), 1089 సీసీ పెట్రోలు, స్టీరింగ్ పక్కన గేరు రాడ్డు. నాన్నగారు రిటైరైన డబ్బుతో కొన్నది, ఏపీ 35 నంబరు, ఇల్లు మారలేదు, చెయ్యి మారలేదు. షోకి పెట్టే బండి కాదు, రోజూ కూరగాయలకి వెళ్ళే బండి. ఎడమ వెనక తలుపు కింద రూపాయి బిళ్ళంత తుప్పు ఉంది, దాని ఫొటో కూడా పెట్టాను. సీట్ల రెక్సిన్ మార్చాం, ఒరిజినల్ కాదు. స్పీడోమీటర్ ముల్లు 60 దాటితే వణుకుతుంది. పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ వచ్చాక పాత రబ్బరు గొట్టాలు ఉబ్బి కారతాయని మెకానిక్ అంటే గొట్టాలన్నీ కొత్తవి వేయించాను. మే నెల ఎండలో పెట్రోల్ పంపు వేడెక్కి ఆగిపోతే దాని మీద తడిగుడ్డ వెయ్యాలి, ఆ గుడ్డ కూడా బండితోపాటు ఇస్తాను. పెళ్ళిసంబంధంలో కూడా ఇంత నిజం చెప్పరండీ.

ఆ ప్రకటనకి ఇంతవరకు వచ్చిన ఫోన్ల గురించి ఎక్కువ రాయను, బీపీ ఉంది. బండి చూడకుండానే “లాస్ట్ ఎంత?” అన్నవాళ్ళు పదిమంది దాకా. ఏసీ ఉందా అన్నవాడు ఒకడు. కిలో లెక్కన అడిగినవాడు ఇంకొకడు, పోనీలెండి, అతనే నయం, టైముకి వచ్చాడు. పదిహేనేళ్ళు దాటితే తుక్కే కదా అన్నవాడికి అది ఢిల్లీ గొడవ నాయనా, ఇక్కడ అయిదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ అని చెప్పాను. వింటేజ్ కారా అన్నవాడికి, చట్టం ప్రకారం యాభై ఏళ్ళు దాటాలి, ఇంకో పదిహేనేళ్ళు ఆగి రమ్మన్నాను. ఒక జంట కొంటామని వచ్చి బానెట్ మీద చేతులు వేసి, చెట్టాపట్టాలేసుకుని నలభై ఫొటోలు దిగి, శుభలేఖ పంపిస్తామని వెళ్ళిపోయారు. శుభలేఖ కూడా దారిలోనే ఉంది.

నా తొందర నాది. ఆర్‌సీ 2026 డిసెంబరు దాకా ఉంది. కిందటిసారి 600 రూపాయలతో పోయిన రెన్యువల్ ఫీజు, ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 2025 ఆగస్టు నుంచి పదివేలు. ఆ లోపు మంచి చేతిలో పెడదామని చూస్తున్నాను. చేతులేమో అన్నీ ఆనందపురంలోనే ఆగిపోతున్నాయి.

తమరిని నేనూ వాడుకున్నాను, కాదనను. ఒక సిరిమానోత్సవం నాడు మా బావమరిదిని గంటస్తంభం దగ్గర జనంలో నిలబెట్టి, తడి తువ్వాలుతో ఇంట్లో నిలబడి తమరి పేరే చెప్పాను. అదంతా పావుగంట పాపం. రోజు మింగలేదు, ఒకడి చేత కారు తోయించలేదు.

ఇక మర్యాద నావల్ల కాదు. రానప్పుడు ‘రాము’ అని చెప్పడానికి ఏం రోగం? రెండక్షరాలు. రామతీర్థం పక్కనున్న ఊరికి ఫోన్ చేసి ఆ మాట అనడానికి అంత మొహమాటమా? అంటే పుణ్యం కూడా వస్తుంది కదరా! మనసు మారింది, డబ్బు కుదరలేదు, పెళ్ళాం తిట్టింది, ఏదైనా చెప్పు, ఎవడు కాదన్నాడు? ‘అయ్యో, అలాగా’ అని నేను బారసాలకి పోయి కూర తినేవాణ్ణి. రానని తెలిసీ, ప్రతి ఫోన్‌కీ ఒక ఊరు పేరు చెప్పి నన్ను గేటు దగ్గర కట్టేశావు చూడు, అదీ నా కడుపుమంట. నాలుగున్నర తర్వాత ఫోన్ స్విచ్చాఫ్. అదొక్కటే నిన్నటి రోజుకి నిజం.

ఆరున్నరకి చీకటి పడుతుంటే నేనే సీట్లో కూర్చున్నాను. చోక్ సగం లాగాను. మొదటి సెల్ఫ్‌కి ఒక దగ్గు దగ్గింది, రెండోదానికి అందుకుంది. దిగి వెనక్కి వెళ్ళి సైలెన్సర్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఫోన్ లైటు వేసి చూశాను. కాస్త తెల్లటి ఆవిరి, అదీ నిమిషంలో పోయింది. నీలం చార కూడా లేదు. ముప్ఫై అయిదేళ్ళ ఇంజన్, రోజంతా ముట్టుకోని చల్ల ఇంజన్! చూడాల్సినవాడు లేడు. మాస్టారిని పిలిచి చూపించాను. ఆయనకి పొగ సంగతి తెలియదు, అయినా “బాగుందండీ” అన్నారు.

ఆ ఊపులోనే నెల్లిమర్ల వెళ్ళాను. ఆవిడని తీసుకురావాలి కదా. పనసపొట్టు అడుగంటిన మూకుడు చూపించారు. పాయసం మాత్రం మిగిలింది. తింటుంటే 8.10కి ఫోన్ మోగింది, అదే నంబరు నుంచి మెసేజ్. “సార్, బండి ఉందా? లాస్ట్ ఎంత? ఇప్పుడు ఎక్కడున్నారు?”

కుడిచేతికి పాయసం. ఎడమచేత్తో తమరినే పంపించాను.